కాగితం ఉంది, డాక్టర్ ఏరీ? వృద్ధాశ్రమాల్లో ఆఖరి రోజుల ప్లాన్ ఎవరు రాయాలి

మన దగ్గర నర్సింగ్ హోమ్ అంటే మెయిన్ రోడ్డు మీద ఉండే చిన్న ప్రైవేటు దవాఖానా. కాన్పులకు, జ్వరాలకు, చిన్నచిన్న ఆపరేషన్లకు పోయే చోటు. అమెరికాలో ఆ మాటకు అర్థం వేరు. సొంతంగా లేవలేని, తినలేని, మతిమరుపు ముదిరిన పెద్దవాళ్లు ఉండే ఇల్లు అది. అలాంటి ఇళ్లను బ్రిటన్‌లో కేర్ హోమ్ అంటారు. చాలామందికి అదే ఆఖరి ఇల్లు. మన దగ్గర వాటికి వృద్ధాశ్రమం, ఓల్డేజ్ హోమ్, అసిస్టెడ్ లివింగ్ అని రకరకాల పేర్లు. హైదరాబాద్ చుట్టుపక్కల ట్రస్టులు నడిపే ఉచిత ఆశ్రమాలు ఉన్నాయి, నెలకు వేల రూపాయలు తీసుకునే హోమ్‌లూ ఉన్నాయి. పిల్లలు జెడ్డాలోనో, దుబాయ్‌లోనో, డల్లాస్‌లోనో ఉంటే అమ్మానాన్నలు ఇక్కడ ఒక గదిలో ఉంటున్నారు.

పేరు ఏదైనా ప్రశ్న ఒకటే. అక్కడున్న మనిషికి ఆఖరి నెలలు వచ్చినప్పుడు నొప్పి ఎలా తగ్గించాలి, ఆస్పత్రికి తీసుకెళ్లాలా వద్దా, వెంటిలేటర్ పెట్టించాలా వద్దా అన్నది ముందే మాట్లాడి రాసిపెట్టే పని ఎవరిది? మేనేజర్‌దా, పిల్లలదా, డాక్టర్‌దా?

ఇది నలుగురైదుగురి సమస్య కాదు. కేంద్ర ప్రభుత్వ జనాభా అంచనాల ప్రకారం 2021లో దేశంలో 60 ఏళ్లు దాటినవాళ్లు సుమారు 13.8 కోట్ల మంది. 2031 నాటికి 19.4 కోట్లు అవుతారని లెక్క. ఇంట్లో చూసుకునే చేతులు తగ్గుతున్నాయి, చూడాల్సిన పెద్దవాళ్లు పెరుగుతున్నారు. హోమ్‌లు ఇంకా పెరుగుతాయి. కాబట్టి ఈ ప్రశ్నకు ఇప్పుడే జవాబు వెతుక్కోవాలి.

రాత్రి రెండు గంటలకు ఏం జరుగుతుంది

ఒక ఉదాహరణ అనుకుందాం. 84 ఏళ్ల పెద్దావిడ. ఆరేళ్లుగా డిమెన్షియా. పిల్లల్ని గుర్తుపట్టడం మానేసి ఏడాది అయింది. మంచం దిగలేదు. ముద్ద మింగడం కష్టమవుతోంది. ఒక రాత్రి జ్వరం, ఆయాసం వచ్చాయి. డ్యూటీలో ఉన్నది ఒక ఆయా, ఒక నర్సు. ఫైల్‌లో బీపీ, షుగర్ మాత్రల చీటీ ఉంది. 'ఇలా జరిగితే ఏం చేయాలి' అన్న కాగితం లేదు. నర్సు మేనేజర్‌కు ఫోన్ చేస్తుంది. మేనేజర్ విదేశంలో ఉన్న కొడుక్కి ఫోన్ చేస్తాడు. కొడుకు ఏమంటాడు? 'ఎంత ఖర్చయినా పర్వాలేదు, అమ్మీని దవాఖానాకు తీసుకెళ్లండి' అంటాడు. ఏ కొడుకైనా అదే అంటాడు. ఆ రాత్రి ఆయన చేతిలో ఫోన్ ఉంది, ప్రేమ ఉంది, భయం ఉంది. అమ్మ జబ్బు ఎక్కడిదాకా వచ్చిందన్న సమాచారం మాత్రం లేదు.

అంబులెన్స్ వస్తుంది. క్యాజువాలిటీలో ఉన్న డాక్టర్ ఆవిడను మొదటిసారి చూస్తున్నాడు. ఆయన ముందు ఊపిరి అందని పేషెంట్ ఉంది, సంతకం పెట్టడానికి సొంత మనిషి లేరు. ఆయనా తనకు తెలిసిన పనే చేస్తాడు. గొంతులో ట్యూబు, చేతులకు కట్లు, ఐసీయూ. ఒక్కసారి ట్యూబు పెట్టాక తీయడం చట్టపరంగా, మనసుపరంగా కూడా చాలా కష్టం. వారం తర్వాత ఆవిడ అక్కడే చనిపోతుంది. చుట్టూ మిషన్లు, అద్దం బయట బంధువులు.

ఇందులో ఎవరినీ తప్పుపట్టలేం. నర్సు, మేనేజర్, కొడుకు, క్యాజువాలిటీ డాక్టర్ ఎవరి పని వాళ్లు చేశారు. రావాల్సిన ఒక మనిషి రాలేదు. ఆరు నెలల ముందే ఆవిడను చూసి, కొడుకును కూర్చోబెట్టి లేదా వీడియో కాల్‌లో పిలిచి, 'ఈ జబ్బు ఇక్కడిదాకా వచ్చింది, రాబోయేది ఇది, మీరేం కోరుకుంటున్నారు' అని అడగాల్సిన డాక్టర్.

చట్టం తలుపు తెరిచింది

చట్టం లేదు కదా అని చాలామంది అనుకుంటారు. ఉంది. 2018 మార్చి 9న కామన్ కాజ్ కేసులో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం తీర్పు ఇచ్చింది. గౌరవంగా చనిపోవడం కూడా జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. నయంకాని జబ్బులో, మాట్లాడలేని స్థితికి వెళ్తే ఏ చికిత్స కావాలో, ఏది వద్దో ముందే రాసిపెట్టుకోవచ్చని ఒప్పుకుంది. దాన్నే అడ్వాన్స్ మెడికల్ డైరెక్టివ్ అంటారు, లివింగ్ విల్ అని కూడా అంటారు. ఇంజెక్షన్ ఇచ్చి చంపడం మాత్రం మన దేశంలో అప్పుడూ నేరమే, ఇప్పుడూ నేరమే. ఈ రెండింటినీ కలపకూడదు.

2018 నాటి పద్ధతి చాలా కఠినంగా ఉండేది. ఫస్ట్ క్లాస్ జుడీషియల్ మేజిస్ట్రేట్ సంతకం కావాలి. ఎవరు తిరుగుతారు కోర్టు చుట్టూ? అందుకే 2023 జనవరిలో ఇంకో ఐదుగురు జడ్జీల ధర్మాసనం దాన్ని సులువు చేసింది. ఇప్పుడు ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ ఆఫీసర్ ధ్రువీకరణ ఉంటే చాలు. తన తరఫున నిర్ణయం తీసుకునే వాళ్ల పేర్లు అందులో రాయాలి. కాపీ ఆ పేరున్న వాళ్లకు, ఫ్యామిలీ డాక్టర్ ఉంటే ఆయనకు, స్థానిక సంస్థ నియమించిన అధికారికి ఇవ్వాలి. మనసు మారితే ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు.

తర్వాత ఆస్పత్రిలో చికిత్స ఆపాల్సిన సందర్భం వస్తే రెండు మెడికల్ బోర్డులు చూడాలి. మొదటి దాంట్లో చికిత్స చేస్తున్న డాక్టర్, కనీసం ఐదేళ్ల అనుభవం ఉన్న ఇద్దరు నిపుణులు. రెండో దాంట్లో జిల్లా వైద్యాధికారి నామినేట్ చేసిన డాక్టర్ ఉండాలి. డైరెక్టివ్ రాయకపోయినా కుటుంబం ఒప్పుకోలుతో ఇదే దారి ఉంది. కర్ణాటక ప్రభుత్వం 2025 జనవరిలో ఈ బోర్డుల మీద ఉత్తర్వు ఇచ్చింది. ముంబైలో కార్పొరేషన్ ఈ కాగితాలు భద్రపరచడానికి అధికారులను పెట్టింది.

ఇక్కడే రెండు విషయాలు గమనించాలి. ఒకటి, డైరెక్టివ్ రాయాలంటే మనిషి తెలివిలో ఉండాలి. డిమెన్షియా ముదిరాక రాయడం కుదరదు. హోమ్‌లో చేరే నాటికే చాలామందికి ఆ సమయం దాటిపోయి ఉంటుంది, లేదా దాటబోతూ ఉంటుంది. రెండు, 'ఫ్యామిలీ డాక్టర్ ఉంటే' అని కోర్టు రాసింది. ఉంటేనే కదా! వృద్ధాశ్రమంలో ఉన్న మనిషికి ఫ్యామిలీ డాక్టర్ ఎవరు? పాత బస్తీలో ఇరవై ఏళ్లు చూసిన డాక్టర్ సాబ్ పాత ఇంటితోనే పోయాడు. ఇప్పుడు నెలకోసారి వచ్చి బీపీ చూసి వెళ్లే డాక్టర్‌కు ఈ పెద్దావిడ పేరు కూడా సరిగా తెలియకపోవచ్చు.

డాక్టర్ మాట్లాడితే ఏం మారుతుంది

డాక్టర్ వచ్చి మాట్లాడితే నిజంగా తేడా వస్తుందా? దీనికి మంచి ఆధారం ఉంది. అమెరికాలో బోస్టన్ ప్రాంతంలోని 22 నర్సింగ్ హోమ్‌లలో, డిమెన్షియా బాగా ముదిరిన 323 మందిని పరిశోధకులు 18 నెలలు గమనించారు. 2009లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఆ ఫలితాలు వచ్చాయి. ఆ 18 నెలల్లో 54.8 శాతం మంది చనిపోయారు. సుమారు 86 శాతం మందికి తినడంలో ఇబ్బంది వచ్చింది. అంటే డిమెన్షియా కేవలం మతిమరుపు కాదు, ప్రాణాలు తీసే జబ్బు. మన దగ్గర ఈ మాట కుటుంబాలకు చెప్పేవాళ్లే తక్కువ.

ఆ అధ్యయనంలో ఇంకా ముఖ్యమైన విషయం ఉంది. రాబోయే సమస్యల గురించి డాక్టర్ తమకు వివరించాడని చెప్పిన కుటుంబ ప్రతినిధులు మూడో వంతు మాత్రమే. జబ్బు ఎక్కడిదాకా వచ్చిందో, ముందు ఏం వస్తుందో అర్థం చేసుకున్న కుటుంబాల్లో మాత్రం పెద్దవాళ్లకు ఆఖరి మూడు నెలల్లో ఆస్పత్రి పరుగులు, ట్యూబులు, సెలైన్లు చాలా తక్కువ. తక్కువ ప్రేమ ఉండి కాదు, ఎక్కువ తెలిసి. డాక్టర్‌తో జరిగిన ఒక మాట ఒక ట్యూబును ఆపగలదు.

ముక్కులోంచి ట్యూబు వేసి అన్నం పెట్టడం సంగతి కూడా అంతే. 'తినకపోతే ఎలా, ట్యూబు వేయండి' అని మనం అడుగుతాం. ఆకలితో చనిపోతుందేమోనని భయం. ముదిరిన డిమెన్షియాలో ట్యూబు వద్దని, ఓపికగా చేత్తో తినిపించడమే మేలని అమెరికన్ జెరియాట్రిక్స్ సొసైటీ సిఫార్సు. ఇది కొడుక్కి, కూతురికి అర్థమయ్యేలా చెప్పగలిగింది డాక్టరే. ఆయా చెబితే 'మీకు తినిపించడానికి బద్ధకం' అని తిట్లు తింటుంది.

బయటి దేశాల్లో ఎలా కట్టుబాటు పెట్టారు

నెదర్లాండ్స్‌లో నర్సింగ్ హోమ్‌లకు సొంత డాక్టర్లు ఉంటారు. అక్కడ వృద్ధుల సంరక్షణ వైద్యం 1990 ప్రాంతం నుంచీ ప్రత్యేక స్పెషాలిటీ. డాక్టర్ బయటి నుంచి వచ్చే అతిథి కాదు, హోమ్ మనిషే. ఎవరు ఏ స్థితిలో ఉన్నారో ఆయనకు రోజూ తెలుస్తుంది.

అమెరికాలో ఫెడరల్ రూల్ ఉంది. నర్సింగ్ హోమ్‌లో చేరిన మొదటి 90 రోజుల్లో డాక్టర్ కనీసం 30 రోజులకోసారి, ఆ తర్వాత కనీసం 60 రోజులకోసారి పేషెంట్‌ను చూడాలి. బ్రిటన్‌లో 2020 నుంచి కేర్ హోమ్‌లను ప్రాంతీయ డాక్టర్ల బృందాలతో జతచేశారు. బాధ్యుడైన క్లినికల్ లీడ్ ఉంటారు, వారానికోసారి హోమ్ రౌండ్ ఉంటుంది.

ఇవన్నీ స్వర్గాలు అని చెప్పడం లేదు. బోస్టన్ లెక్క అమెరికాదే కదా, రూల్ ఉన్నా మాట్లాడిన డాక్టర్లు తక్కువే. రూల్ డాక్టర్‌ను గదిలోకి తెస్తుంది, నోరు తెరిపించలేదు. కానీ గదిలోకి రాని డాక్టర్ నోరు తెరిచే ప్రశ్నే లేదు. మనం ఇంకా ఆ మొదటి మెట్టు దగ్గరే ఉన్నాం.

బిల్లు ఎటు ఉంటే వైద్యం అటు

కామర్స్ చదివిన అలవాటు కొద్దీ ఏ వ్యవస్థనైనా మొదట బిల్లు వైపు నుంచి చూస్తాను. ఐసీయూలో ఒక రోజుకు బిల్లు ఉంది. వెంటిలేటర్‌కు ఉంది. స్కాన్‌కు ఉంది. డాక్టర్ అరగంట కూర్చొని కుటుంబంతో మాట్లాడితే ఏ హెడ్ కింద రాస్తారు? మన దగ్గర ఆ హెడ్ లేదు.

2024 అక్టోబర్‌లో కేంద్రం 70 ఏళ్లు దాటిన అందరికీ ఆయుష్మాన్ వయ వందన కార్డు తెచ్చింది. ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా. మంచిదే, చాలా కుటుంబాలకు ఊపిరి. తెలంగాణలో 2023 డిసెంబర్‌లో ఆరోగ్యశ్రీ పరిమితిని 10 లక్షలకు పెంచారు. అదీ మంచిదే. కానీ ఈ పథకాల డబ్బు ప్రధానంగా ఆస్పత్రి బెడ్‌తో ముడిపడి ఉంది. అడ్మిషన్ అయితే పైసలు వస్తాయి. హోమ్‌కు వచ్చి నొప్పి తగ్గించి, ప్లాన్ రాసి వెళ్లే డాక్టర్‌కు ఎవరూ చెల్లించరు. అప్పుడు ఆ డాక్టర్ రాడు. ఇందులో ఆశ్చర్యం ఏముంది?

అమెరికా ఈ ముడిని కొంత విప్పింది. 2016 జనవరి 1 నుంచి అక్కడి మెడికేర్ ఈ సంభాషణకే డాక్టర్‌కు ఫీజు ఇస్తోంది. మొదటి 30 నిమిషాలకు ఒక కోడ్, ఆపైన ప్రతి అదనపు 30 నిమిషాలకు ఇంకో కోడ్. మాట్లాడటాన్ని కూడా వైద్యంగా లెక్కగట్టింది. మన పథకాల్లో ఇలాంటి చిన్న లైన్ ఒకటి చేరిస్తే ఖర్చు పెరుగుతుందా? కుటుంబం జేబులోంచి పోయే ఐసీయూ డబ్బు పక్కన పెట్టి చూస్తే ఆ అరగంట ఫీజు ఎంత అనేది మీరే ఆలోచించండి.

అయితే ఒక జాగ్రత్త. ఖర్చు తగ్గించడం కోసం ఈ ప్లాన్ అని ఎవరైనా అంటే వెంటనే ఆపండి. ఖర్చు తగ్గితే అది పక్కన వచ్చే ఫలితం. అసలు లక్ష్యం బాధ తగ్గడమే.

నల్లమందు పండించే దేశంలో నొప్పి మాత్ర దొరకదు

పాలియేటివ్ కేర్ అంటే 'ఇక ఏమీ చేయం' అని కాదు. తెలుగులో ఉపశమన వైద్యం అంటున్నారు. నొప్పి, ఆయాసం, వాంతులు, నిద్రలేమి, భయం, వీటికి గట్టి చికిత్స అది. క్యాన్సర్‌కే కాదు. గుండె బలహీనత, ఊపిరితిత్తుల జబ్బు, కిడ్నీ ఫెయిల్యూర్, పక్షవాతం, డిమెన్షియా, అన్నిటికీ అవసరమే. ప్రపంచంలో దీని అవసరం ఉన్నవాళ్లలో సుమారు 14 శాతం మందికే అది అందుతోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

తీవ్రమైన నొప్పికి ముఖ్యమైన మందు మార్ఫిన్. ఆ మందుకు ముడిసరుకు నల్లమందు. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లో ప్రభుత్వ లైసెన్స్‌తో రైతులు దాన్ని పండిస్తారు. అయినా మన పేషెంట్లకు అది అందడం కష్టమైపోయింది. కారణం 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం. మత్తుమందుల దందాను ఆపడానికి తెచ్చిన చట్టం దవాఖానాల తలుపులు కూడా మూసేసింది. రాష్ట్రాల వారీగా లైసెన్సుల మీద లైసెన్సులు. 2014లో పార్లమెంటు చట్టాన్ని సవరించింది. మార్ఫిన్ లాంటి మందులను అత్యవసర నార్కోటిక్ మందులుగా గుర్తించి, దేశమంతా ఒకే పద్ధతి పెట్టింది. గుర్తింపు పొందిన వైద్య సంస్థలో, శిక్షణ ఉన్న డాక్టర్ రాస్తే ఇవ్వవచ్చు.

మళ్లీ అక్కడికే వచ్చాం. డాక్టర్ రాస్తే. హోమ్‌లో నర్సు ఎంత మంచిదైనా మార్ఫిన్ రాయలేదు. మేనేజర్ ఎంత దయ ఉన్నవాడైనా తేలేడు. ప్లాన్‌లో డాక్టర్ లేకపోతే, 'ఆస్పత్రికి తీసుకెళ్లవద్దు' అన్న కాగితం ఉన్నా ఆ మనిషి నొప్పితో అరుస్తూ ఉండాల్సిందే. ఐసీయూలో చనిపోవడం ఒక అన్యాయం అయితే, మందు లేకుండా మంచం మీద నొప్పితో చనిపోవడం అంతకన్నా పెద్ద అన్యాయం.

'వదిలించుకుంటున్నారా?' అన్న భయం

ఈ విషయం ఎత్తగానే పేద కుటుంబాల్లో, మైనారిటీ బస్తీల్లో ఒక అనుమానం వస్తుంది. 'మనవాళ్లకు వైద్యం ఎగ్గొట్టడానికి కొత్త ఎత్తు' అని. ఈ అనుమానాన్ని తీసిపారేయకూడదు. జీవితమంతా ఓపీ లైన్లలో నిలబడి, బెడ్ లేదని తిరిగొచ్చిన వాళ్లకు 'చికిత్స వద్దని రాసివ్వండి' అంటే ఎలా వినిపిస్తుంది?

అనుమానానికి ఆధారం కూడా ఉంది. 2020లో కరోనా సమయంలో బ్రిటన్ కేర్ హోమ్‌లలో కొన్ని చోట్ల, గుండె ఆగితే తిరిగి కొట్టించే ప్రయత్నం చేయవద్దన్న ఫారాలు పెద్దవాళ్లతో గానీ, కుటుంబంతో గానీ మాట్లాడకుండానే ఫైళ్లలో చేరాయి. అందరికీ ఒకే గంపగుత్త నిర్ణయం తప్పని 2020 ఏప్రిల్‌లోనే అక్కడి డాక్టర్ల సంఘాలు, కేర్ క్వాలిటీ కమిషన్ కలిసి ప్రకటన ఇచ్చాయి. కమిషన్ తర్వాత విచారణ జరిపి 2021 మార్చిలో రిపోర్టు ఇచ్చింది. ఆ లోపాలు నిజమేనని తేలింది.

కాబట్టి రెండు వైపులా ప్రమాదం ఉంది. మాట, కాగితం రెండూ లేకపోతే రాత్రి రెండు గంటల అంబులెన్స్. మాట లేకుండా కాగితం మాత్రమే ఉంటే అది వదిలేయడం. హోమ్‌లో చేరేటప్పుడు ఇరవై ఫారాల మధ్యలో ఇదొకటి పెట్టి 'ఇక్కడ సంతకం పెట్టండి' అంటే పెట్టవద్దు. అది ప్లాన్ కాదు, హోమ్ తన మెడకు చుట్టుకోకుండా చూసుకోవడం. ప్లాన్ అంటే మనిషిని పరీక్షించిన డాక్టర్, ఆ మనిషి, కుటుంబం కూర్చొని మాట్లాడుకున్న దాని రికార్డు. 'పూర్తి చికిత్స కావాలి, ఐసీయూ కూడా కావాలి' అని రాయించుకోవడం కూడా ప్లానే. ఆరు నెలలకోసారి, జబ్బు మారినప్పుడల్లా దాన్ని మళ్లీ చూడాలి.

ఆలిమ్‌ను అడిగినా డాక్టర్ దగ్గరికే వస్తుంది

మన ఇళ్లలో ఇంకో ప్రశ్న వస్తుంది. వెంటిలేటర్ వద్దనడం గునాహ్ కదా? ప్రాణం ఇచ్చేవాడు, తీసుకునేవాడు అల్లాహ్ అయినప్పుడు మనం ఎవరం వద్దనడానికి? హిందూ, క్రైస్తవ కుటుంబాల్లో కూడా వేరే మాటల్లో ఇదే సందేహం.

మసలాల లోతుల్లోకి ఇక్కడ వెళ్లడం లేదు. ఒక్క విషయం చెప్పుకుందాం. 1988లో సౌదీ అరేబియా ఫత్వా కమిటీ ఇచ్చిన 12086 నంబర్ ఫత్వా ఈ విషయంలో తరచూ ప్రస్తావనకు వస్తుంది. గుండె తిరిగి కొట్టించే ప్రయత్నం వల్ల ఫలితం లేదని ముగ్గురు నమ్మదగిన నిపుణ డాక్టర్లు చెబితే, ఆ ప్రయత్నం చేయకపోవచ్చని అది అంటుంది. చూడండి, ధర్మం చెప్పే చోట కూడా మొదట అడుగుతున్నది డాక్టర్ల మాటే. ఒకరు కాదు, ముగ్గురు. మీరు మీ ఆలిమ్ సాబ్‌ను అడిగితే ఆయన కూడా 'డాక్టర్లు ఏమన్నారు' అనే అడుగుతారు. స్పష్టంగా చెప్పిన డాక్టర్ లేకపోతే ఆయన ఏ ఆధారంతో జవాబు చెప్పాలి?

ఒక చిన్న సర్టిఫికెట్, పెద్ద భయం

హోమ్‌లు పెద్దవాళ్లను ఆఖరి క్షణంలో ఆస్పత్రికి పంపడానికి ఎవరూ పైకి చెప్పని కారణం ఒకటుంది. హోమ్‌లో చనిపోతే కాగితం ఎవరిస్తారు? కబ్రస్తాన్ కమిటీ అడగవచ్చు, శ్మశానంలో అడగవచ్చు, తర్వాత బ్యాంకుకు, పెన్షన్‌కు, ఇన్సూరెన్స్‌కు కావాలి. పోలీసు ప్రశ్నలు వస్తాయేమోనని మేనేజర్‌కు భయం.

ఆస్పత్రి బయట జరిగే మరణాలకు కూడా జనన మరణాల రిజిస్ట్రేషన్ పద్ధతిలో దారి ఉంది. ఆఖరి జబ్బులో చూసిన డాక్టర్ మరణ కారణం రాసివ్వాలి. దానికి ఫారం 4ఏ అని ఒకటుంది. ఫీజు లేకుండా ఇవ్వాలని చట్టమే చెబుతోంది. మరణం నమోదుకు 21 రోజుల గడువు. కానీ 'ఆఖరి జబ్బులో చూసిన డాక్టర్' అంటూ ఒకరు ఉండాలి కదా. ముందు నుంచీ చూస్తున్న డాక్టర్ ఉంటే ఈ భయం సగం పోతుంది. లేకపోతే చనిపోతున్న మనిషిని కేవలం ఒక సంతకం కోసం అంబులెన్స్ ఎక్కిస్తాం.

డాక్టర్లు ఎక్కడి నుంచి వస్తారు

ఇంతమంది డాక్టర్లు ఎక్కడున్నారని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కేరళ దీనికి ఒక జవాబు చూపించింది. 1993లో కోజికోడ్‌లో కొందరు డాక్టర్లు, స్నేహితులు కలిసి పెయిన్ అండ్ పాలియేటివ్ కేర్ సొసైటీ మొదలుపెట్టారు. వాళ్లలో ఒకరైన డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్‌కు 2018లో పద్మశ్రీ వచ్చింది. 2008లో కేరళ ప్రభుత్వం దీనికి ఒక పాలసీనే ప్రకటించింది. అక్కడ పని ఎక్కువ భాగం శిక్షణ పొందిన నర్సులు, వాలంటీర్లు, పంచాయతీలు చేస్తాయి. డాక్టర్ వెనక ఉంటాడు. కానీ ఉంటాడు.

అంటే ప్రతి హోమ్‌లో 24 గంటలూ డాక్టర్ కూర్చోవాల్సిన పని లేదు. నాలుగు పనులకు మాత్రం ఆయన తప్పదు. జబ్బు ఎక్కడిదాకా వచ్చిందో నిజం చెప్పడం. మార్ఫిన్‌తో సహా మందులు రాయడం. ప్లాన్ మీద సంతకం పెట్టి, రాత్రి నర్సు ఫోన్ చేస్తే ఎత్తడం. ఆఖరికి సర్టిఫికెట్ ఇవ్వడం. మిగతాదంతా మంచి నర్సు చేయగలదు.

మన దగ్గర మొదలు లేదని కాదు. రెడ్‌హిల్స్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో పాలియేటివ్ విభాగం ఏళ్లుగా పనిచేస్తోంది. తెలంగాణలో జిల్లా స్థాయి కేంద్రాలు, ఇళ్లకు వెళ్లే 'ఆలన' బృందాలు వచ్చాయి. ఖాజాగూడలో స్పర్శ్ హాస్పిస్ ఉచితంగా సేవ చేస్తోంది. వీళ్లను వృద్ధాశ్రమాలతో కలిపే తాడు కావాలి.

ఆ తాడు కూడా చట్టంలోనే ఉంది. 2007 నాటి తల్లిదండ్రులు, వృద్ధుల సంక్షేమ చట్టం సెక్షన్ 19 జిల్లాకు కనీసం ఒక వృద్ధాశ్రమం గురించి చెబుతుంది. సెక్షన్ 20 ప్రకారం ప్రతి జిల్లా ఆస్పత్రిలో వృద్ధులకు ప్రత్యేక సదుపాయం ఉండాలి, వృద్ధుల వైద్యంలో అనుభవం ఉన్న మెడికల్ ఆఫీసర్ దానికి బాధ్యుడిగా ఉండాలి. దీర్ఘకాలిక, ప్రాణాంతక జబ్బుల చికిత్సను విస్తరించాలని కూడా అందులోనే ఉంది. ఆ మెడికల్ ఆఫీసర్‌ను జిల్లాలోని హోమ్‌లన్నిటికీ జతచేస్తూ ఒక ఉత్తర్వు ఇవ్వడానికి కొత్త చట్టం అక్కర్లేదు. ప్రతి హోమ్ తన డాక్టర్ పేరు, నంబర్ గోడ మీద రాయాలన్న షరతు పెట్టడానికి బడ్జెట్ అక్కర్లేదు.

ప్రభుత్వం కదిలేదాకా కుటుంబాలు చేయగలిగింది ఉంది. అమ్మీనో, అబ్బానో హోమ్‌లో చేర్చే ముందు ఏసీ ఉందా, లిఫ్ట్ ఉందా అని అడుగుతాం. వాటితో పాటు ఈ ప్రశ్నలు కూడా అడగండి. మీ డాక్టర్ పేరేంటి? ఎన్ని రోజులకోసారి వస్తారు? రాత్రి ఫోన్ ఎత్తుతారా? నొప్పికి మార్ఫిన్ రాయగల డాక్టర్‌తో మీకు సంబంధం ఉందా? ఇక్కడే చనిపోతే సర్టిఫికెట్ ఎవరిస్తారు? జవాబులు తడబడితే ఆ హోమ్ గదులు ఎంత శుభ్రంగా ఉన్నా ఆలోచించాల్సిందే. అలాగే డైరెక్టివ్ కాపీ ఎవరికి ఇవ్వాలో మీ మున్సిపాలిటీలో, పంచాయతీలో అడగండి. అడిగేవాళ్లు పెరిగితేనే ఆ కుర్చీలో అధికారి వస్తారు.

అన్నిటికన్నా ముందు, పెద్దవాళ్లు మాట్లాడగలిగినప్పుడే వాళ్లను అడగండి. ఆఖరి రోజుల్లో ఎక్కడ ఉండాలనుంది, దేనికి భయపడుతున్నారు, ఎవరి చేయి పట్టుకోవాలనుంది అని. ఆ జవాబు డాక్టర్ ముందు చెప్పించండి, ఆయన చేత రాయించండి. సుప్రీంకోర్టు హక్కు ఇచ్చి ఏళ్లు గడిచాయి. ఆ హక్కు హోమ్‌లోని మంచం దాకా రావాలంటే కుర్చీ లాక్కొని ఆ మంచం పక్కన కూర్చునే డాక్టర్ కావాలి.